ముసలి గ్రహనౌకను ఇంకా నడపాలా, ఆపాలా: లెక్క తేల్చే పద్ధతి

ఆరు నెలలు పనిచేస్తే చాలనుకుని పంపిన మంగళయాన్ అంగారకుడి చుట్టూ ఏడున్నరేళ్లు తిరిగింది. తొంభై అంగారక దినాల కోసం దింపిన ఆపర్చునిటీ రోవర్ పద్నాలుగేళ్లకు పైగా పనిచేసి 45 కిలోమీటర్లు నడిచింది. ఇలాంటివి విన్నప్పుడు పాత నౌకను ఊపిరి ఉన్నంతకాలం నడపాల్సిందే అనిపిస్తుంది. కానీ నడపడానికి ఏటా జీతాలు కావాలి, యాంటెన్నా గంటలు కావాలి, అనుభవం ఉన్న ఇంజనీర్లు కావాలి. అదే డబ్బు, అదే మనుషులు కొత్త నౌకకూ కావాలి. అందుకే నాసా తన పాత గ్రహనౌకలను మూడేళ్లకొకసారి సీనియర్ రివ్యూ బోర్డు ముందు పెడుతుంది. నౌక బృందం రాబోయే మూడేళ్లకు ప్రతిపాదన రాస్తుంది, బయటి శాస్త్రవేత్తలు గ్రేడు ఇస్తారు, చివరి మాట ప్రధాన కార్యాలయానిది.

కర్నూలు, అనంతపురం, కడప కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టుగానో, సైన్స్ క్లబ్బు పనిగానో ఇలాంటి బోర్డును మీరే నడపొచ్చు. ఒక సెమిస్టర్ సరిపోతుంది. నౌకల డేటా ఇస్రో వారి ప్రదాన్ పోర్టల్‌లో, నాసా ప్లానెటరీ డేటా సిస్టమ్‌లో ఉచితంగా దొరుకుతుంది. మన నౌకలతో మాట్లాడే 18 మీటర్ల, 32 మీటర్ల యాంటెన్నాలు బెంగళూరు దగ్గర బైలాలులోనే ఉన్నాయి. ఏ నౌకను తీసుకున్నా బోర్డు తేల్చాల్సింది ఒకటే: మిగిలిన ఇంధనంతో, మిగిలిన కరెంటుతో, రాబోయే మూడేళ్లలో ఈ నౌక ఇంతవరకు చెప్పని ఏ సంగతి చెప్పగలదు?

ముందు, ఏది మొదట అయిపోతుందో చూడండి

సైన్స్ మాట ఎత్తకముందే ఒక తెల్లకాగితం మీద నాలుగు నిలువు గడులు గీయండి. మొదటి దాంట్లో అరిగిపోయే వస్తువు పేరు, రెండో దాంట్లో ఎంత మిగిలింది, మూడో దాంట్లో ఏడాదికి ఎంత పోతోంది, నాలుగో దాంట్లో ఆ అంకెను ఎంతవరకు నమ్మొచ్చు. ఇంధనం, కరెంటు, బ్యాటరీ, నౌకను కావాల్సినవైపు తిప్పే రియాక్షన్ వీల్స్, ఎటు తిరిగిందో చెప్పే గైరోలు, మెమరీ చిప్‌లు, పరికరాలను చల్లబరిచే కూలర్లు, ఇవన్నీ అందులోకి రావాలి. ఏది ముందు సున్నాకు వస్తే అదే నౌక ఆయుష్షు. నాలుగో గడిని ఖాళీగా వదిలేసే జట్లే ఎక్కువ. మిగతా మూడు గడులకు విలువ వచ్చేది ఆ గడితోనే.

ఇంధనం దగ్గర ఎక్కువసేపు ఆగండి. నౌకలో స్కూటర్‌కు ఉన్నట్టు ముల్లు తిరిగే మీటరేమీ ఉండదు. థ్రస్టర్ (నౌకను జరిపే చిన్న ఇంజను) ఎన్ని సెకన్లు మండిందో రాసుకుంటూ ఖర్చు కట్టడం ఒక పద్ధతి. ఒక్కోసారి వచ్చే చిన్న తేడా ఏళ్ల తరబడి పోగై పెద్దదవుతుంది. ట్యాంకు ఒత్తిడి, ఉష్ణోగ్రతలను బట్టి లెక్కగట్టడం రెండోది. ట్యాంకును హీటరుతో వేడిచేసి ఎంతసేపట్లో ఎన్ని డిగ్రీలు పెరిగిందో చూడడం మూడోది: ఇంధనం తక్కువుంటే త్వరగా వేడెక్కుతుంది.

ఈ మూడో పద్ధతి ఎక్కడ బోల్తా కొట్టిస్తుందో నాసా వారి అంగారక నౌక మార్స్ ఒడిస్సీ చూపించింది. 2001లో అది 225 కిలోల హైడ్రాజీన్ ఇంధనంతో బయలుదేరింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2021లో, వేడి కొలత ప్రకారం సుమారు 5 కిలోలే మిగిలిందని తేలింది. 2022 జనవరిలో 2.8 కిలోలన్నారు. ఆ లెక్కే నిజమైతే నౌక ఏడాదిలోపే ఆగిపోవాలి. నెలల తరబడి వెతికితే దొరికిన కారణం ఇది: రెండు ట్యాంకులను కలిపే గొట్టాలకున్న హీటర్లు ఇంధనాన్ని అనుకున్నదానికన్నా త్వరగా వేడిచేస్తున్నాయి. దాన్ని సరిచేస్తే మిగిలింది సుమారు 4 కిలోలు.

దీన్ని బెంచి మీద చేసి చూడొచ్చు. ఒకే రకం స్టీలు డబ్బాలు మూడు తీసుకుని 100, 300, 500 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి. ఒక్కో డబ్బా అడుగున బయటివైపు 15 ఓములు, 20 వాట్ల సిరామిక్ రెసిస్టర్‌ను అల్యూమినియం టేపుతో అంటించి, 12 వోల్టుల అడాప్టర్ కలిపితే 9.6 వాట్ల వేడి వస్తుంది. థర్మకోల్ చుట్టొద్దు, రెసిస్టర్ వేడికి కరిగిపోతుంది. కంబళి ముక్క చుట్టండి. 5 డిగ్రీలు పెరగడానికి 500 మిల్లీలీటర్లకు 18 నిమిషాలు, 100కు మూడున్నర నిమిషాలకు పైన పట్టాలి. డబ్బా లోహం కూడా వేడి తాగుతుంది, కొంత గాలిలోకి పోతుంది, కాబట్టి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. ఆ తేడాను ఖాళీ డబ్బాతో విడిగా కొలిచి తీసేయండి.

ఇప్పుడు అసలు పాఠం. లెక్క కట్టే జట్టుకు చెప్పకుండా 300 మిల్లీలీటర్ల డబ్బాకు కంబళి కింద 47 ఓముల రెసిస్టర్ ఇంకొకటి అంటించి అదే అడాప్టర్‌కు కలపండి. ఇంకో 3 వాట్లు కలిసి నీళ్లు త్వరగా వేడెక్కుతాయి, జట్టు దాదాపు 225 మిల్లీలీటర్లేనని రాసిస్తుంది. డబ్బాలో నీళ్లు తగ్గలేదు, వాళ్లు ఊహించిన వేడి తప్పు. ఇది చేతితో చేసినవాళ్లు నాలుగో గడిని ఇక ఖాళీగా వదలరు.

మిగిలిన కిలోలను ఏడాది ఖర్చుతో నేరుగా భాగించకూడదు. ఒక ఊహా ఆర్బిటర్‌లో 14 కిలోలు మిగిలాయని, ఏడాదికి 1.8 కిలోలు ఖర్చవుతుందని అనుకుందాం. భాగిస్తే దాదాపు ఎనిమిదేళ్లు వస్తుంది, బృందం సంబరపడుతుంది. ఇప్పుడు తీసేయాల్సినవి తీసేయండి: ట్యాంకు అడుగున, గొట్టాల్లో చిక్కుకుని బయటికి రానిది 1 కిలో, కొలతలో అనుమానం 3 కిలోలు, చివర్లో నౌకను సురక్షితమైన కక్ష్యకు చేర్చడానికి 4 కిలోలు. మిగిలింది 6. అంటే మూడేళ్ల నాలుగు నెలలు. ఒక పొడిగింపుకు సరిపోతుంది, రెండో దానికి చాలదు. బోర్డు ముందుకు రావాల్సిన అంకె ఇదే.

ఆ 4 కిలోల జోలికి ఎవరినీ రానివ్వకండి. అంగారకుడి చుట్టూ తిరిగే నౌక మొదటి ఇరవై ఏళ్లలో గ్రహం మీద పడే అవకాశం 1 శాతం, యాభై ఏళ్లలో 5 శాతం దాటకూడదని గ్రహ సంరక్షణ నియమాలు చెబుతాయి. శని చుట్టూ తిరిగిన కస్సీనీ నౌకలో ఇంధనం అడుగంటుతున్నప్పుడు దాన్ని 2017 సెప్టెంబరు 15న శని వాతావరణంలోకి దింపి దగ్ధం చేశారు. మంచు కింద సముద్రం ఉన్న శని ఉపగ్రహం ఎన్సెలాడస్ మీద మన సూక్ష్మజీవులు పడకూడదన్నది అక్కడి ఆలోచన. చంద్రుడి చుట్టూ తిరిగేవాటికి ఇంకో ఖర్చుంది: 2021 అక్టోబరులో చంద్రయాన్-2, నాసా వారి ఎల్.ఆర్.ఓ. బాగా దగ్గరికి వచ్చేలా ఉంటే, మన నౌకే కొద్దిగా కక్ష్య మార్చుకుని తప్పుకుంది. అలా పక్కకు జరగడానికీ కాస్త ఇంధనం పక్కన పెట్టాలి.

కరెంటు, దుమ్ము, చీకటి

ప్లుటోనియంతో నడిచే నౌకకు లెక్క తేలిక. ప్లుటోనియం-238 సగం తరగడానికి 87.7 ఏళ్లు పడుతుంది, అంటే వేడి ఏటా 0.8 శాతం తగ్గుతుంది. వేడిని కరెంటుగా మార్చే థర్మోకపుల్‌లు కూడా పాడవుతాయి గనుక కరెంటు అంతకన్నా త్వరగా పడిపోతుంది. 1977లో సుమారు 470 వాట్లతో వెళ్లిన వాయేజర్లు ఏటా 4 వాట్ల చొప్పున పోగొట్టుకుంటున్నాయి. ఏ సంవత్సరంలో ఏ పరికరం ఆపాలో ముందే పట్టిక రాసుకోవచ్చు.

సోలార్ ప్యానెళ్లతో నడిచే ల్యాండర్ కథ వేరు. కర్నూలు దగ్గర ఓర్వకల్లు వైపు గని, శకునాల దగ్గరున్న వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కులో దుమ్ము పడితే కడిగే మనిషి ఉన్నాడు. అంగారకుడి మీద లేడు. 2018 నవంబరులో దిగిన ఇన్‌సైట్‌కు మొదట్లో రోజుకు దాదాపు 5,000 వాట్-అవర్ల కరెంటు వచ్చేది, 2022 వేసవికల్లా అది 500కు పడిపోయింది. స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్ల ప్యానెళ్లను సుడిగాలులు అప్పుడప్పుడు ఊడ్చిపోయాయి. ఇన్‌సైట్‌కు ఆ గాలి రాలేదు. 2021 మేలో బృందం రోబో చేతితో ఇసుక తోడి ప్యానెల్ పక్కన గాలికి వదిలింది. ఎగిరిన గింజలు దుమ్మును కొంత రాల్చితే రోజుకు 30 వాట్-అవర్లు పెరిగాయి. అంత పేదరికంలో 30 కూడా విలువైనదే.

ఈ తరుగుదల గీతను మీ మేడ మీదే గీయొచ్చు, అనంతపురం ఎండాకాలం దీనికి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. ఒకే కంపెనీ, ఒకే మోడల్ 10 వాట్ల ప్యానెళ్లు రెండు ఒకే వాలులో పక్కపక్కన బిగించండి. మొదట రెండింటినీ తుడిచి, మధ్యాహ్నం పన్నెండింటికి రెండింటి షార్ట్ సర్క్యూట్ కరెంటు (ప్యానెల్ రెండు వైర్లనూ నేరుగా మీటరుకు కలిపితే వచ్చేది) కొలిచి నిష్పత్తి రాసుకోండి. తర్వాత ఒకదాన్ని రోజూ తుడుస్తూ, రెండోదాన్ని తాకకుండా ఎనిమిది వారాలు వదిలేయండి. అంకెలు విడిగా చూడొద్దు, నిష్పత్తే చూడండి. అప్పుడు మబ్బుల ప్రభావం పోతుంది. మల్టీమీటర్ ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోనే పెట్టాలి. మిల్లీఆంపియర్ల దాంట్లో పెడితే మీటరు ఫ్యూజు పోతుంది. పావురాల రెట్ట పడితే ఆ రోజు లెక్క పక్కన పెట్టండి, ఎందుకంటే ఒక్క సెల్ కప్పబడినా ప్యానెల్ మొత్తం కరెంటు పడిపోతుంది.

నాలుగో వారంలోనే, "నిష్పత్తి ఫలానా తేదీకి 0.8కి వస్తుంది" అని జట్టు చేత రాయించి కవరులో పెట్టి అంటించండి. ఏప్రిల్‌లో ఒక్క అకాల వాన పడితే ఆ జోస్యం తలకిందులవుతుంది. ఇన్‌సైట్ బృందానికి వచ్చిన చిక్కూ ఇదే: సుడిగాలి వస్తుందో రాదో తెలియకుండా మూడేళ్లకు మాట ఇవ్వాలి. అందుకని ప్రతిపాదనలో గాలి రానట్టే లెక్క కట్టాలి. వస్తే లాభం.

బ్యాటరీకి గ్రహణాల పట్టిక అడగండి. మంగళయాన్ బ్యాటరీ సుమారు గంటా నలభై నిమిషాల చీకటిని తట్టుకునేలా చేసింది. పొడవైన గ్రహణాలు ముంచుకొస్తున్నాయని 2017 జనవరి 17న ఎనిమిది థ్రస్టర్లను 431 సెకన్లు మండించి కక్ష్యను మార్చారు. ఆ ఏడాది సెప్టెంబరు దాకా నీడ తప్పింది. అలా మార్చడానికి చాలినంత ఇంధనం 2022లో లేదు. ఏప్రిల్‌లో ఏడు గంటలు దాటిన గ్రహణం వచ్చింది, తర్వాత నౌక పలకలేదు. ఇంధనం, బ్యాటరీ రెండు వేర్వేరు వరుసల్లో ఉన్నా ఒకటి రెండోదాన్ని కాపాడుతుందని గుర్తుంచుకుని రెండు వరుసలనూ కలిపి చదవండి.

చెడిపోయిన భాగానికి ఎన్ని మార్కులు కోయాలి

తొందరపడి కోయొద్దు. స్పిరిట్ ముందు కుడి చక్రం 2006లో పట్టేసింది. దాన్ని ఈడ్చుకుంటూ పోతుంటే నేల గీసుకుపోయి కింద తెల్లటి సిలికా బయటపడింది. ఒకప్పుడు అక్కడ వేడి నీళ్లో ఆవిరో ఉండేదనడానికి అది పెద్ద ఆధారం. డాన్ నౌకకు రియాక్షన్ వీల్స్ ఒక్కొక్కటే పోతే హైడ్రాజీన్ థ్రస్టర్లతో తిరుగుతూ, 2018లో ఇంధనం అయిపోయేదాకా సిరీస్ అనే మరుగుజ్జు గ్రహాన్ని పరిశీలించింది. మీరు అడగాల్సిన ప్రశ్నలు రెండు: చెడిన భాగానికి బదులు దారి ఉందా? ఆ దారి ఇంకో వరుసలోంచి ఎంత తింటుంది? డాన్ విషయంలో చక్రాలకు బదులు ఇంధనం ఖర్చయింది.

మనుషుల సంగతి అంతే ముఖ్యం. 2023 నవంబరులో వాయేజర్-1 అర్థంలేని డేటా పంపడం మొదలుపెట్టింది. కంప్యూటర్‌లో ఒక్క మెమరీ చిప్ పోయింది. దాంట్లోని కోడును ముక్కలు చేసి మిగతా మెమరీలో సర్దడానికి పాత కాగితాలు తిరగేయాల్సి వచ్చింది. 2024 ఏప్రిల్‌కు గానీ నౌక సరిగ్గా పలకలేదు. కాబట్టి బృందాన్ని అడగండి: ఈ నౌక ఫ్లైట్ సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లు ఎంతమంది మిగిలారు, వాళ్లలో మూడేళ్లలో రిటైరయ్యేది ఎంతమంది, ఆదేశాలను ముందు పరీక్షించే టెస్ట్‌బెడ్ పనిచేస్తోందా? ఒక్కరే మిగిలి ఉంటే, పక్కన ఇంకొకరిని తయారుచేసే ఖర్చు బడ్జెట్‌లో కనబడాలి.

సైన్స్‌ను తూచేది ఇలా

ఎన్ని పేపర్లు అచ్చయ్యాయో చూసి మార్కులు వేయడం అన్నిటికన్నా సులభం, అన్నిటికన్నా తప్పు. ఈ ఏడాది వచ్చే పేపర్ నాలుగేళ్ల కిందటి డేటాది కావచ్చు. నౌకను ఈరోజు ఆపేసినా అది వస్తుంది. కాబట్టి ఒక్కటే అడగండి: ఈ ఫలితం కోసం కొత్త డేటా తప్పనిసరా, చేతిలో ఉన్న పాత డేటా చాలదా?

గట్టి ప్రతిపాదనలకు సాధారణంగా కాలంతో లంకె ఉంటుంది. చంద్రయాన్-2 ఆర్బిటర్‌ను ఏడాది కోసం పంపారు. ప్రయోగం గురి తప్పకుండా సాగి ఇంధనం మిగలడంతో దాదాపు ఏడేళ్లు పనిచేయగలదని చెప్పారు. దాని మీదున్న క్లాస్ పరికరం సూర్యుడి ఎక్స్-కిరణాలు చంద్రుడి నేల మీద పడితే వెలువడే కాంతితో మూలకాలను గుర్తిస్తుంది. 2019లో నౌక చేరేనాటికి సూర్యుడు తన పదకొండేళ్ల చక్రంలో బాగా మందగించి ఉన్నాడు. 2024కల్లా ఎక్స్-కిరణాలు చిమ్మే మంటలు ఎగసే దశకు వచ్చాడు. అంటే ఆరో ఏడాది పరిశీలనకు మొదటి ఏడాదికన్నా ఎక్కువ విలువ. ఇలాంటి వాదన రాసిన బృందానికి నేనైతే పూర్తి మార్కులు వేస్తాను. కస్సీనీని 2010లో ఇంకో ఏడేళ్లు పొడిగించడానికీ కారణం ఇలాంటిదే: 2017 మేలో శని ఉత్తరార్ధగోళంలో నడివేసవి వస్తుంది, అక్కడి ఏడాది దాదాపు ముప్పై మన ఏళ్లు, ఆ అవకాశం పోతే ఇప్పట్లో మళ్లీ రాదు.

"ఇంకా ఫొటోలు తీస్తాం, మ్యాపు పూర్తిచేస్తాం" అన్నది మెత్తటి వాదన. ఎన్ని శాతం మ్యాపు అయింది, మిగిలిన దాంట్లో కొత్తగా ఏముంది అని నిలదీయండి. కొత్త లక్ష్యం వైపు వెళ్తామన్న ప్రతిపాదన వస్తే ఉన్నచోట ఉంటే ఏం దొరుకుతుందో కూడా పక్కన పెట్టి చూడాలి. 2016లో డాన్‌ను సిరీస్ నుంచి అడియోనా అనే గ్రహశకలం వైపు పంపాలన్న ఆలోచన ఉండేది. సిరీస్ సూర్యుడికి దగ్గరవుతున్న కొద్దీ ఏం మారుతుందో చూడడమే మేలని నాసా అక్కడే ఉంచింది. దానికి భిన్నంగా, బెన్ను అనే గ్రహశకలం నమూనాలను 2023 సెప్టెంబరులో భూమికి చేర్చిన నౌకకు ఓసిరిస్-అపెక్స్ అని పేరు మార్చి అపోఫిస్ అనే మరో శకలం వైపు మళ్లించారు. ఎందుకంటే 2029 ఏప్రిల్ 13న ఆ శకలం భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల దూరంలోంచి పోతుంది, ఆ తేదీ ఎవరి కోసమూ ఆగదు.

రోవర్ల డేటాను భూమికి అందించే పనిని వేరే వరుసలో రాయండి. మార్స్ ఒడిస్సీ, నాసా వారి మరో అంగారక నౌక ఎం.ఆర్.ఓ. ఆ పని చేస్తూ వచ్చాయి. 2023 ఆగస్టులో విక్రమ్ ల్యాండర్‌కు చంద్రయాన్-2 ఆర్బిటర్ కూడా అలాగే తోడు నిలిచింది. సైన్స్ తగ్గినా ఈ పని కోసమే నౌకను నిలబెట్టొచ్చు. అయితే ఆ ఖర్చు సైన్స్ పద్దులో కలిపితే రెండూ మసకబారతాయి.

ఖర్చు, ఓటు

ప్రతి బృందాన్నీ మూడు బడ్జెట్లు ఇమ్మనండి: అడిగినంత, అందులో ముప్పావు వంతు, సగం. మూడో దాంట్లో ఏం వదులుకుంటారో చదివితే వాళ్లకు నిజంగా ఏది ముఖ్యమో బయటపడుతుంది. రోజువారీ ఆదేశాలను వారానికి ఒకసారిగా మార్చొచ్చు, ఒక పరికరం ఆపొచ్చు, యాంటెన్నా గంటలు తగ్గించొచ్చు. కక్ష్య లెక్కింపు, నౌక భద్రత, డేటా ఆర్కైవ్ కోయడానికి వీల్లేదు. సగం బడ్జెట్‌లో ఆర్కైవ్ కోసిన ప్రతిపాదనను వెనక్కి పంపండి.

బోర్డుకు ఏడుగురు చాలు: ఇంధనం, కరెంటు చూసేవాళ్లు ఇద్దరు, సైన్స్ చూసేవాళ్లు ముగ్గురు, ఖర్చుకు ఒకరు, అధ్యక్షుడు ఒకరు. ఆ నౌక ప్రతిపాదన రాసినవాళ్లకు దగ్గరివాళ్లు ఆ నౌక దగ్గర ఓటు వేయకూడదు. చర్చకు ముందే ఒకసారి చీటీల్లో మార్కులు వేయించి, చర్చ తర్వాత మళ్లీ వేయించండి. మొదట గట్టిగా మాట్లాడిన సీనియర్ వెనుకే అందరూ పోయారో, వాదన నచ్చి మారారో ఆ రెండు చీటీలు చెబుతాయి. రెండు మార్కుల కంటే ఎక్కువ మార్చినవాళ్లు ఎందుకు మార్చారో ఒక వాక్యం రాయాలి.

పొడిగిస్తూనే ఆపే గీత గీయండి

"కొనసాగించండి" అన్న ప్రతి తీర్పులోనూ ఏం జరిగితే ఆపాలో ముందే ఉండాలి. ఇన్‌సైట్ బృందం వరుసగా రెండు పిలుపులకు పలక్కపోతే ముగిసినట్టే అని ముందుగానే నిర్ణయించుకుంది. 2022 జూన్‌లో వాళ్లకు ఇంకో ప్రశ్న ఎదురైంది: ఉన్న కాస్త కరెంటుతో ల్యాండర్‌ను మెల్లగా బతికించాలా, భూకంప మాపకాన్ని నడపాలా? వాళ్లు లోపం వస్తే తనంతట తానే నిద్రపోయే రక్షణ వ్యవస్థను ఆపేసి మాపకానికే కరెంటు ఇచ్చారు. ల్యాండర్ ఆయుష్షు కొంత తగ్గింది. ఆ ఏడాది మే 4న 4.7 తీవ్రత కంపాన్ని, అంతవరకు నమోదైన వాటిలో పెద్దదాన్ని, పట్టింది ఆ పరికరమే. నడపడానికి ఎంచుకోవాల్సింది దాన్నే.

మిగులు ఇంధనం ఎక్కువే ఉంటే ఆఖరి రోజులకు ఒక ప్రయోగం రాసిపెట్టుకోండి. 2023 సెప్టెంబరు 3న విక్రమ్ ఇంజన్లు మళ్లీ మండించుకుని 40 సెంటీమీటర్లు పైకి లేచి పక్కన దిగింది. చంద్రయాన్-3 ప్రొపల్షన్ మాడ్యూల్‌లో వంద కిలోలకు పైగా ఇంధనం మిగిలితే దాన్ని చంద్రుడి నుంచి భూమి చుట్టూ కక్ష్యకు తిప్పి తెచ్చారు. చంద్రుడి నుంచి నమూనాలు తెచ్చే రోజుకు కావాల్సిన అనుభవం అది.

మౌనంగా ఉన్న నౌక కోసం ఎంతకాలం వినాలో కూడా తీర్పులోనే రాయండి. 2018 జూన్ 10 తర్వాత పలకని ఆపర్చునిటీకి వెయ్యికి పైగా ఆదేశాలు పంపి, 2019 ఫిబ్రవరి 13న ముగిసినట్టు ప్రకటించారు. మీ కాగితం మీద ఆ గడువును నెలల్లో, దానికి కావాల్సిన యాంటెన్నా గంటలను వారానికి ఎన్నని, మళ్లీ పలికితే మొదట పంపాల్సిన ఆదేశం ఏదో రాసి అధ్యక్షుడి చేత సంతకం పెట్టించండి.